చింతాకంత సర్కారు సొత్తు

మారగోని లింగస్వామి కాలు అతుక్కుంది. గొడవంతా అక్కడ మొదలైంది.

అతుక్కోకపోయి ఉంటే జిల్లా పెద్దాసుపత్రికి ఏ చిక్కూ ఉండేది కాదు. అతుక్కోని కాళ్లకు అక్కడ అన్ని ఏర్పాట్లూ ఉన్నాయి. మంచం ఉంది, పప్పన్నం ఉంది, ఫైలు ఉంది. కానీ తాటిచెట్టు మీంచి నలభై అడుగుల కిందికి పడి రెండు ముక్కలైన లింగస్వామి కుడికాలి ఎముక, డాక్టర్లు చెప్పినట్టే సరిగ్గా ఎనిమిదో వారానికి ఒక్కటైంది. చంకకర్ర లేకుండా వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించాడు. డాక్టర్ నీరజ మురిసిపోయి డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టింది.

ఆ రోజు గురువారం. శివరాత్రి మరునాటికి ఇంకా తొమ్మిది రోజులు.

లింగస్వామి ఆ తొమ్మిది రోజులనూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. వాళ్ల ఊళ్లో గీత కార్మికుల సంఘం ఏటా శివరాత్రి మరునాడు పొద్దున్నే తాళ్లు, అంటే గీసుకునే తాటిచెట్లు, పంచుతుంది. పంచడమంటే కాగితాలూ చీటీలూ ఏమీ ఉండవు. సంఘం పెద్దలు తాటివనంలో ఒక వరస నుంచి ఇంకో వరసకు నడుస్తూ పోతారు. ఎవరి చెట్ల మొదట్లో వాళ్లు చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని నిలబడి ఉండాలి. పెద్దలు వచ్చేసరికి అక్కడ మనిషి ఉంటే ఆ ఏడు ఆ చెట్లు ఆ మనిషివి. లేకపోతే పక్క వరసవాడివి. జ్వరం వచ్చిందనీ, బస్సు తప్పిపోయిందనీ చెబితే చెల్లదు. లింగస్వామివి పద్దెనిమిది చెట్లు. తాత గీసినవి, తండ్రి గీసినవి. పక్క వరస దాయాది జంగయ్యది. ఆ పద్దెనిమిది చెట్ల వంక జంగయ్య ఆరేళ్లుగా చూస్తున్నాడు.

లింగస్వామి భార్య సైదమ్మ మూట కట్టేసింది. ఇద్దరూ కింద స్టోర్సుకు వెళ్లారు. వాడుకున్న సామానంతా తిరిగి అప్పగించాడని స్టోర్సు ముద్ర పడితే గాని గేటు దాటనివ్వరు.

స్టోర్సు సూపరింటెండెంట్ పేరు కేశవాచారి. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. ఆయన హయాంలో ఆ ఆసుపత్రి నుంచి ఒక్క ఎనిమా డబ్బా పోలేదు. లంచం తీసుకునే మనిషైతే లింగస్వామి కథ ఇక్కడే, ఒక కల్లు లొట్టితో ముగిసేది. ఆయన తీసుకోడు. నిజాయితీపరుడు. దానికి మందు లేదు.

దుప్పటి చూశాడు, టిక్కు పెట్టాడు. దిండు, టిక్కు. చంకకర్రలు రెండు, టిక్కు. తర్వాత వేలు ఒక గడి దగ్గర ఆగింది.

"స్టాకు నంబరు నాలుగు వందల పదిహేడు. కరిగే సెన్సర్. ఒకటి. ఏదయ్యా?"

లింగస్వామి తన కాలి వంక చూసుకున్నాడు.

ఆ సెన్సర్ సంగతి అతనికి బాగానే గుర్తుంది. ఆపరేషన్ ముందు డాక్టర్ నీరజ అరచేతిలో పెట్టి చూపించింది. చింతాకంత పలచటి రేకు. మొక్కజొన్న పిండిని పులియబెట్టి తీసిన సరుకుతో చేసిందని చెప్పింది. అతికిన ఎముక మీద పెడితే, ఎంత బరువు పడుతోందో, చీము పట్టే వేడి పుడుతోందో బయటి యంత్రానికి కబురు పంపుతుంది. ఆరు వారాలు పనిచేసి, ఎనిమిదో వారానికల్లా దానంతటదే ఒంట్లో కరిగిపోతుంది. తీయడానికి మళ్లీ కోత అక్కర్లేదు. ఇదంతా విని లింగస్వామి ఒక్క మాటన్నాడు. "పులిసిన సరుకు ఎన్నడన్న ఆగుతదా తల్లీ, పోతది." ఆ భవనంలో ఒక్కసారి చెబితే అర్థం చేసుకున్నది అతనొక్కడే.

తప్పు సెన్సర్లు వచ్చిన రోజునే జరిగింది. స్టోర్సులో రెండే రిజిస్టర్లు ఉన్నాయి. వాడి పారేసేవాటికి ఒకటి: దూది, సిరంజీలు, కట్టుగుడ్డలు. తిరిగి ఇవ్వాల్సినవాటికి ఒకటి: చంకకర్రలు, ధర్మామీటర్లు, బెడ్‌పాన్లు. సెన్సర్‌కు నంబరుంది, గ్యారంటీ కార్డుంది, పని తెలుసుకునే యంత్రముంది. గ్యారంటీ కార్డున్న వస్తువును దూదితో కలపడానికి కేశవాచారికి మనసొప్పలేదు. రెండో రిజిస్టరులో ఎక్కించాడు.

లింగస్వామి అది కరిగిపోయిందని చెప్పాడు. కేశవాచారి అతన్ని అక్కడే నిలబెట్టి డాక్టర్ నీరజను పిలిపించాడు. ఆవిడ కూడా అదే చెప్పింది. కేశవాచారి రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు. వస్తువుకు నాలుగు గతులే ఉన్నాయి: వాపసు వచ్చింది, విరిగింది, పోయింది, దొంగలెత్తుకుపోయారు.

"కరిగింది అనే గడి లేదు మేడం" అన్నాడు. "గడి లేని సంగతి మన ఆసుపత్రిలో జరగడానికి వీల్లేదు."

పోయిందని రాయమంది డాక్టర్ నీరజ. రాయొచ్చు గాని పోలీసు ఫిర్యాదు ఇవ్వాలన్నాడు. సదరు వస్తువు చివరిసారి ఎక్కడ కనబడింది? లింగస్వామి కాలిలో. అప్పుడు అక్కడ ఎవరున్నారు? లింగస్వామి. అనుమానితుడు ఒక్కడే. పోనీ విరిగిందని రాయమంటే ముక్కలు చూపాలన్నాడు. విసిగిపోయి, లోపలే ఉందనుకోండి అని ఆవిడ ఒక మాట జారింది. కేశవాచారి కలం మూసేశాడు. లోపలే ఉంటే ఇంకా కష్టం. సర్కారు సొత్తును ఒంట్లో పెట్టుకుని గేటు దాటడం నేరం.

లింగస్వామి దంపతులు మూటతో మళ్లీ పైకెక్కారు.

శుక్రవారం విషయం ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ పద్మనాభం దగ్గరకు వెళ్లింది. ఆయనకు కమిటీలంటే ప్రాణం. ఏదైనా సమస్యను ఒక్కడే చూస్తే అది తప్పు, అయిదుగురు చూస్తే అది నిర్ణయం అనేవాడు. మధ్యాహ్నంలోగా "కరిగిన పరికరాల జాడ నిర్ధారణ కమిటీ" ఏర్పడింది. ఆయనే అధ్యక్షుడు, కేశవాచారి కన్వీనరు, మిగతా ముగ్గురూ ఆ రోజు సెలవు పెట్టనివాళ్లు.

కమిటీ ముందుగా ఎక్స్‌రే తీయించింది. అందులో ఎముక ఉంది, ఎముకను పట్టుకున్న స్టీలు పట్టీ ఉంది. సెన్సర్ లేదు. మినిట్సులో ఇలా రాశారు: "సదరు పరికరము ఎక్స్‌రే నందు కానరానందున, అది దాగియున్నట్లు భావించడమైనది." రోగి దాన్ని ఒంట్లో ఇంకో చోటికి తరలించి ఉండవచ్చునన్న అనుమానంతో తల నుంచి పాదం దాకా మరో పదకొండు ఎక్స్‌రేలు తీశారు. లింగస్వామి ఎలా తిరగమంటే అలా తిరిగాడు. ఎడమ మోచేతిలో కూడా లేకపోయేసరికి కమిటీ డాక్టర్ నీరజను సంజాయిషీ అడిగింది.

ఆవిడ ఓపికగా చెప్పింది. ఆ పదార్థం ఒంట్లో తడికి కొంచెం కొంచెం విడిపోతుంది. ఆఖరుకు నీళ్లూ, ఊపిరీ అయిపోతుంది. నీళ్లు నీళ్ల దారిన, ఊపిరి ఊపిరి దారిన బయటికి పోతాయి. అంతా పోయింది. మిగిలింది సున్నా.

డాక్టర్ పద్మనాభం ముఖం వికసించింది.

"అనగా బయటికి వెళ్లినట్టు మీరే ధ్రువీకరిస్తున్నారు. ఏయే దారుల్లో వెళ్లిందో కూడా చెప్పారు. అటువంటప్పుడు ఆ దారుల వద్ద నిలబడి పట్టుకోవడంలో శాఖాపరమైన అభ్యంతరమేముంది?"

శనివారం ఉదయం సర్క్యులర్ వచ్చింది. సెన్సర్ పొందిన రోగులందరూ, మొత్తం ఇరవై రెండు మంది, సెన్సర్ తాలూకు బరువు పూర్తిగా వాపసు అయ్యేవరకు వార్డు విడిచి వెళ్లరాదు. నీటి రూపంలో వచ్చేదాన్ని అయిదు లీటర్ల క్యాన్లలోకి, గాలి రూపంలో వచ్చేదాన్ని రబ్బరు గ్లౌజుల్లోకి పట్టి, రోగి పేరు, తేదీ, వేళ రాసి స్టోర్సుకు అప్పగించవలెను.

అలా అప్పగించసాగారు. లింగస్వామి పొద్దున లేచి పళ్లు తోముకుని గ్లౌజుల్లోకి ఊదేవాడు. అలవాటు లేక మొదటిరోజు దవడలు నొప్పి పుట్టాయి. అయిదు వేళ్లూ నిటారుగా లేచిన తెల్లటి గ్లౌజులను అటెండరు ఖాజా దారానికి గుచ్చి కిందికి మోసుకుపోయేవాడు. సోమవారం నాటికి స్టోర్సులో చంకకర్రలు పెట్టే గది నిండా క్యాన్లు, పైకప్పు నిండా చేతులు. కేశవాచారి వాటి కింద కూర్చుని రాసుకునేవాడు. గాలి వీస్తే అన్ని చేతులూ ఒక్కసారి ఊగేవి. చూసినవాళ్లకు ఆయన్ని ఎవరో ఆశీర్వదిస్తున్నట్టుండేది.

సోమవారం సాయంత్రం కేశవాచారే అభ్యంతరం లేవదీశాడు. వస్తువు ఇచ్చింది సంఖ్యలో. వాపసు వస్తున్నది లీటర్లలో. ఎన్ని లీటర్లు కలిపితే ఒక సెన్సర్? ఎన్ని గ్లౌజులు? లింగస్వామి తాగిన మంచినీళ్లూ, తిన్న పప్పూ అందులో కలిసి ఉంటే, ఇవ్వవలసిన దానికన్నా ఎక్కువ వాపసు తీసుకున్న తప్పు స్టోర్సు మీదికి రాదా? కమిటీ ఉలిక్కిపడింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ స్టోర్సు మీద ఎక్కువ నింద పడలేదు, తక్కువ నిందా పడలేదు. అప్పగింతలు ఆపేశారు. క్యాన్లు మాత్రం ఉంచారు. అవి అప్పటికే రిజిస్టరులో ఎక్కాయి.

ఇంకా అయిదు రోజులున్నాయి. ఆ రోజే ఊరి నుంచి కబురు వచ్చింది. జంగయ్య కొత్త మోకు పేనించాడు. లింగస్వామి చెట్ల కింద తుప్పలు కూడా నరికి శుభ్రం చేస్తున్నాడట.

"నాకోసమే చేస్తుండేమో" అన్నాడు లింగస్వామి.

"ఆఁ, నీకోసమే. రేపు నీ మంచం గూడ నీకోసమే అమ్ముకుంటడు" అంది సైదమ్మ. "నువ్వు గిట్ల గ్లౌజులల్ల ఊదుకుంట కూసో. నేను పోత. చెట్ల కాడ మనోళ్లు ఒకరన్న కండ్లవడాలె."

మంగళవారం పొద్దున్నే ఆమె బస్సెక్కింది.

ఒంటరిగా మిగిలిన లింగస్వామికి మంచం మీద పడుకుని ఆలోచించడానికి తీరిక దొరికింది. ఇరవై ఆరేళ్లు కల్లు గీసినవాడు. పొద్దున దించిన లొట్టిలో కల్లు మధ్యాహ్నానికి పొంగిపోయి నాలుగు వేళ్లు తగ్గుతుంది. దాన్ని ఎవరూ దొంగతనం అనరు. తరుగు అంటారు. కల్లు డిపో దగ్గర తరుగు తీసేసే కొలుస్తారు. వడ్లకు తరుగుంది, బెల్లానికి తరుగుంది. మధ్యాహ్నం కమిటీ ముందు చేతులు కట్టుకుని ఈ మాటే చెప్పాడు.

"సారూ, మీ దవాఖానల ఆరిపోయేటి సరుకు ఏదీ లేదా? దానికి ఏం రాస్తరు?"

గదిలో కదలిక వచ్చింది. ఉంది. గాయాలు తుడిచే స్పిరిట్ ఉంది. సీసా మూత తీస్తే ఆరిపోతుంది. దానికి తరుగు నియమం ఉంది. కేశవాచారి బీరువా అడుగు నుంచి నియమావళి తీసి, దుమ్ము దులిపి, చదివాడు. ఆరిపోయే ద్రవ్యాలకు నూటికి రెండు వంతులు తరుగు అనుమతించవచ్చును.

లెక్క వేశారు. ఇరవై రెండు సెన్సర్లలో నూటికి రెండంటే, ఒక సెన్సర్‌లో సగానికి కాస్త తక్కువ. దరఖాస్తు పెట్టుకున్నది లింగస్వామి గనుక ఆ మేరకు లింగస్వామిని డిశ్చార్జి చేయడానికి కమిటీ సూత్రప్రాయంగా అంగీకరించింది. ఏ సగాన్ని అన్న దానిపై గంటన్నర చర్చ జరిగింది. కుడి సగమని ఒకరు, కింది సగమని ఒకరు. గుండె ఎడమవైపు ఉంది గనుక కుడి సగాన్ని పంపితే బాధ్యత మనమీద ఉండదని మూడో సభ్యుడు. అభిప్రాయం చెప్పమని లింగస్వామినే అడిగారు.

"కింది సగం పంపుండ్రి సారూ. చెట్టు కాడ నిలబడాల్సింది కాళ్లే. మిగిలింది మీరు తీరిగ్గ పంపుండ్రి."

ఈ సూచన సహేతుకంగా ఉందని మినిట్సులో రాశారు. అమలు చేసే విధానం ఆపరేషన్ థియేటరు వాళ్లు చెప్పాలని రాశారు. డాక్టర్ నీరజ ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, థియేటరుకు తాళం వేసింది.

బుధవారం రాజధాని నుంచి డైరెక్టరు దిగాడు. కరిగే సెన్సర్ల పథకం ఆయన కలల పంట. కారు దిగుతూనే, కరిగిపోయే వస్తువులు వచ్చే యుగానికి నాంది అన్నాడు. మెట్లెక్కుతూ, చెత్త లేని వైద్యం అన్నాడు. కుర్చీలో కూర్చున్నాక, ఇరవై రెండూ ఎక్కడున్నాయో చూపించమన్నాడు. కరిగిపోయాయని చెబితే నొచ్చుకున్నాడు. కరగడం వేరు, కనబడకుండా పోవడం వేరు అన్నాడు. పథకం విజయవంతమైందని తాను పైకి రాయాలంటే వస్తువులు చేతికి తగలాలి కదా.

అరగంట కళ్లు మూసుకుని, తెరిచాడు.

"పాలలో చక్కెర కరిగింది. చక్కెర ఎక్కడుంది? పాలలో. చక్కెర కావాలంటే మనం ఏం తీసుకెళ్తాం? పాలు తీసుకెళ్తాం. సెన్సర్ మనిషిలో కరిగింది. కనుక ఇకపై సదరు మనిషినే సెన్సర్‌గా పరిగణించవలసి ఉంటుంది."

కమిటీ లేచి నిలబడింది. కేశవాచారి కళ్లు చెమర్చాయి. వారం రోజులుగా ఆ గడిలో ఖాళీ ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

గురువారం ఉదయం ఇరవై రెండు మందికీ చేతికి అల్యూమినియం బిళ్లలు కట్టారు. లింగస్వామికి నాలుగు వందల పదిహేడు. పక్క మంచం మీది అచ్చమ్మ అనే ముసలావిడకు నాలుగు వందల పద్దెనిమిది. వస్తువులు వార్డులో ఉండరాదు గనుక అందరినీ కిందికి దించి, స్టోర్సు పక్క హాల్లో నంబరు వరసన నిలబెట్టారు. రోగుల జాబితా నుంచి పేర్లు తీసేయడంతో మధ్యాహ్నం అన్నం రాలేదు. వస్తువులకు భోజనం పెట్టే నియమం లేదని వంటశాల కబురు చేసింది. కేశవాచారి మంచివాడు. వెంటనే నియమావళి తిరగేసి, అంబులెన్సులకు డీజిలు పోసే నియమాన్ని పట్టుకున్నాడు. "నిర్వహణ నిమిత్తము ఇంధనము" అని రాసి పప్పన్నం తెప్పించాడు. కొలత మాత్రం లీటర్లలో ఉండాలి గనుక పప్పు ఎక్కువ, అన్నం తక్కువ వచ్చింది.

లింగస్వామి తిన్నాడు. తిని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇంకో రోజున్నర. పద్దెనిమిది చెట్లూ ఒక్కొక్కటి కళ్లకు కట్టాయి. మూడో చెట్టు నడుము దగ్గర వంకర, పదకొండో చెట్టుకు పిడుగు మచ్చ. కూర్చున్న చోటు నుంచి స్టోర్సు తలుపు కనబడుతోంది. పొద్దుట నుంచి అందులోంచి బయటికి పోయినవి చూశాడు. రెండు స్ట్రెచర్లు. ఒక బల్ల. నలభై బకెట్లు. ఒక తూకం యంత్రం. ఎవరో చీటీ తెస్తారు, కేశవాచారి ఒక్క సంతకం పెడతాడు, సామాను వ్యానెక్కి గేటు దాటిపోతుంది. ఎవరూ బకెట్టును సంజాయిషీ అడగలేదు. ఎవరూ తూకం యంత్రానికి ఎక్స్‌రే తీయలేదు.

సాయంత్రం డాక్టర్ నీరజ చూడ్డానికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. ఈ పాపం తనదేనని లింగస్వామితో చెప్పుకుంది.

"ఊకో తల్లీ. ఎముక మంచిగ అతికిచ్చినవు" అన్నాడు అతను. "ఒక్క పని చెయ్యి. మనిషినని అడిగితే వారం నుంచి పంపుతలేరు. సామానుకు చీటీ రాసియ్యి."

డాక్టర్ నీరజ జేబులోంచి కలం తీసింది. లింగస్వామి ఊరి పేరు వేసి చీటీ రాసింది: శనివారం ఉదయం ఆ ఊళ్లో వైద్య శిబిరం నిర్వహించుటకు సెన్సర్ ఒకటి, నంబరు నాలుగు వందల పదిహేడు, కావలెను. కేశవాచారి చీటీని రెండువైపులా చూశాడు. శిబిరాలకు పరికరాలు ఇవ్వవచ్చు. ఆటంకం ఏదీ దొరకలేదు. శుక్రవారం శివరాత్రి సెలవు గనుక పాసు అప్పుడే తయారుచేశాడు. వస్తువును తలకిందులుగా పెట్టరాదు. తడి తగలనీయరాదు. ఊళ్లో బాధ్యత గల వ్యక్తి ఎవరైనా ముట్టినట్టు సంతకం చేస్తే అక్కడే ఉంచవచ్చు, లేనిచో అదే బండిలో వాపసు తేవలెను. కాపలాకు అటెండరు ఖాజా.

శనివారం పొద్దున ఆక్సిజన్ సిలిండర్ల మధ్య కూర్చుని లింగస్వామి ఊరు చేరాడు. బండి తాటివనం దాకా పోలేదు. కాలిబాటన దించి, ఖాజా పాసు చేతబట్టుకుని వెనక నడిచాడు. దూరం నుంచే కనబడింది. పెద్దలు అతని వరస దగ్గరకు వచ్చేశారు. మొదటి చెట్టు మొదట్లో సైదమ్మ నిలబడి ఉంది, భుజాన లింగస్వామి మోకుతో, నడుమున గీత కత్తితో. ఆమెకు రెండడుగుల దూరంలో జంగయ్య, భుజాన కొత్త మోకుతో.

లింగస్వామి వచ్చి చెట్టుకు చెయ్యి ఆనించాడు. ఊపిరి పీల్చుకున్నాడు. సంఘం పెద్ద కోల బక్కయ్య, డెబ్బై ఏళ్లవాడు, తల ఊపి ముందుకు కదలబోయాడు.

"ఆగు పెద్దనాయనా" అన్నాడు జంగయ్య. ఖాజా చేతిలో కాగితం అప్పటికే అతని కంటబడింది. తీసుకుని, అందరికీ వినబడేటట్టు చదివాడు. వస్తువు, ఒకటి. స్టాకు నంబరు నాలుగు వందల పదిహేడు. సర్కారు సొత్తు.

"మనిషి నిలబడాలె అన్నరు మన తాతలు. ఇది సామాను. సర్కారు సామానుకు తాళ్లిస్తరా?"

బక్కయ్య ఖాజాను నిజం చెప్పమన్నాడు. ఖాజా పాతికేళ్లుగా సర్కారు నౌకరు, అబద్ధమాడలేదు. కాగితం ప్రకారం సామానే అన్నాడు. మనిషే అని మీరందరూ అంటే తనకు అభ్యంతరం లేదు, కానీ డిశ్చార్జి కాని మనిషిని బయట ఉంచడానికి వీల్లేదు గనుక ఇప్పుడే బండెక్కించి తీసుకుపోవాలి అన్నాడు.

మనిషైతే దవాఖానకు పోవాలి. సామానైతే చెట్లు రావు. లింగస్వామి చెట్టు మీంచి చెయ్యి తీయలేదు. బక్కయ్య కర్ర మీద గడ్డం ఆనించి, తన నలభై ఏళ్ల పెద్దరికంలో ఇట్లాంటి పంచాయితీ రాలేదని ఒప్పుకున్నాడు. జంగయ్య మోకు సర్దుకున్నాడు.

సైదమ్మ ముందుకొచ్చింది.

"సంతకం ఎక్కడ పెట్టాలె అన్నా?" అని ఖాజాను అడిగింది.

చూపించాడు. పెట్టింది. సామాను ముట్టిందని రాయమంటే అదీ రాసింది. ఖాజా కాగితం మడిచి, సలాం చేసి, బండి వైపు నడిచాడు. అప్పగింత అయిపోయింది.

"పెద్దనాయనా, ఈ చెట్ల మొదట్ల పొద్దుగాల నుంచి నిలబడ్డది ఎవరు?" అంది సైదమ్మ.

"నువ్వే."

"నేను మనిషినేనా?"

"మనిషివే."

"మోకు ఎవరిది?"

"నీ భుజం మీదనే ఉన్నది."

ఆడమనిషి చెట్టెట్ల ఎక్కుతదని జంగయ్య అడ్డం వచ్చాడు. సైదమ్మ అతని వైపు చూడనే లేదు.

"ఎక్కనీకి మోకు తెచ్చుకుంటం, గీయనీకి కత్తి తెచ్చుకుంటం. ఎవని సామాను వాడు తెచ్చుకునుడే గదా మన రివాజు. నా సామాను నేను తెచ్చుకున్న. సర్కారు ముద్ర గూడ ఉన్నది."

బక్కయ్య తాతల మాట ఒకసారి, కాగితం మాట ఒకసారి మనసులో తిప్పి చూసుకున్నాడు. రెండూ తగువు పడలేదు. కర్రతో చెట్టును మూడుసార్లు తట్టాడు. మారగోని సైదమ్మకు పద్దెనిమిది తాళ్లు. సామాను: మోకు ఒకటి, కత్తి ఒకటి, లింగస్వామి ఒకటి. పెద్దలు తర్వాతి వరసకు కదిలారు.

కాలు గట్టిపడే దాకా ఇంకో నెల ఆమె అతన్ని చెట్టు ఎక్కనివ్వలేదు. సామాను పాడైతే ఎవరు జవాబు చెప్పాలి అనేది. డాక్టర్ నీరజ ఆ నెలలో ఇరవై ఒక్క ఊళ్లలో ఇరవై ఒక్క శిబిరాలు పెట్టింది. ఒక్కో శిబిరానికి ఒక్కో సెన్సర్. జిల్లాలో అంత చురుకైన డాక్టరు లేదని డైరెక్టరు పైకి రాశాడు.

ఎండలు ముదిరాక ఆసుపత్రి నుంచి ఒక కవరు వచ్చింది. వార్షిక తనిఖీ. తమకు అప్పగించిన వస్తువు ప్రస్తుతం ఉన్నదా, పనిచేయుచున్నదా, ఏ పనికి వినియోగించుచున్నారు. కింద కేశవాచారి సంతకం, గుండ్రంగా, పొందిగ్గా.

సైదమ్మ మూడో చెట్టు కింద కూర్చుని, తొడ మీద కాగితం పెట్టుకుని జవాబు రాసింది. ఉన్నది. పనిచేస్తున్నది. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఎక్కుతున్నది, దిగుతున్నది.

నలభై అడుగుల పైన, మట్టల మధ్య నుంచి లింగస్వామి తల బయటికి పెట్టాడు. లొట్టి కట్టడం ఆపి కిందికి కేకేశాడు.

"దవాఖాన నుంచి ఉత్తరమొచ్చినట్టున్నది. నాకేనా?"

"నీకు కాదు" అంది సైదమ్మ, కవరు అంచు నాలుకతో తడిచేస్తూ. "నీ గురించి."